గోడవైపు తిరిగిన డేగ

"దువ్వెనని జుట్టులో దాస్తారా ఎవరైనా?"

కింది అంతస్తులో అందరూ వంచిన తల ఎత్తకుండా బొమ్మలు వేసుకుంటున్నారు. కిటికీ పక్క సీట్లో ఉన్న అమ్మాయి మాత్రం పెన్ను చెవి వెనక దోపుకుని, గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డ అతన్ని తాపీగా చూసింది.

"దువ్వెన ఉండాల్సింది జుట్టులోనే కదండీ," అంది.

"అది మామూలు ఇళ్లలో! నేను వెతికింది దర్జీ కొట్టులో. గుడ్డల కింద చూశాను, కుట్టుమిషను కింద చూశాను, బొత్తాల డబ్బాలన్నీ ఒక్కోటీ నొక్కాను. చివరికి చూస్తే, కొత్త జాకెట్టు వేసుకుని అద్దం ముందు నిలబడ్డ ఆవిడ జడలో ఉంది. అదీ అద్దంలో కనిపించే జడలో! ఇది దాచడం కాదు, మోసం."

"కనిపించిందా, లేదా?"

"కనిపించింది."

"అయితే మోసం కాదు. ఆవిడ తల దువ్వుకుంటుంటే దర్జీ పిలిచాడు. దువ్వెన అలాగే గుచ్చి వచ్చేసింది. నేను దాచలేదు, ఆవిడే మర్చిపోయింది."

అతను ఏదో అనబోయాడు. ఈలోగా మేనేజరు వచ్చి అతని భుజం పట్టుకుని, మెట్ల దాకా నడిపించుకుపోయాడు. ఆ స్టూడియోలో దాచేవాళ్లు కింద, వెతికేవాళ్లు పైన. ఇద్దరూ బొమ్మల గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోకూడదు. అది మేనేజరు పెట్టిన నియమం.

స్టూడియో చేసేవి వెతుకులాట గేములు. గదినిండా సామానున్న బొమ్మ ఉంటుంది, దాన్నే సీను అంటారు. అడుగున కత్తెర, గొడుగు, ఈల, తాళంచెవి అని పేర్లుంటాయి. చేతిలో ఇమిడే కన్సోలు పట్టుకుని ఒక్కోటీ వెతికి నొక్కాలి. ఇంట్లో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఊరికే చేసే ఈ పనిని జనం కొనుక్కుని మరీ ఆడతారంటే ఏ ఇల్లాలూ నమ్మదు. కానీ ఆడతారు. ఇంట్లో తమ సాక్సులు వెతుక్కోని మగవాళ్లు కూడా ఆడతారు.

పై అంతస్తులో టెస్టర్లు అతన్ని డేగ అనేవారు. బొమ్మ ఇలా తెరిస్తే అలా వాలిపోతాడని. కింద ఆర్టిస్టులు ఆ అమ్మాయిని దాపరికం అనేవారు. ఎందుకో చెప్పక్కర్లేదు.

రెండు అంతస్తుల మధ్య, మెట్ల మలుపులో కాఫీ మిషను ఉంది. మేనేజరు ఎన్ని నియమాలు పెట్టినా మిషను మాత్రం ఒక్కటే కొన్నాడు. తప్పు అక్కడ జరిగింది.

ఒక వానరోజు పొద్దున్న డేగ కాఫీ పట్టుకుంటుంటే, కింద నుంచి నీళ్లోడుతూ, ముందు కాఫీ అనుకుని దాపరికం ఎక్కి వచ్చింది. ఒక చేతిలో బొమ్మల అట్టలు, ఇంకో చేతిలో తడిసిన గొడుగు, చంకలో సంచి, పళ్ల మధ్య ఇంటి తాళంచెవి.

"గుడ్ మార్నింగ్," అన్నాడు.

"మ్మ్ మ్మ్," అంది.

"ఆ రోజు కోపం ఇంకా తగ్గలేదా?"

"మ్మ్మ్!" అని కళ్లతో తాళంచెవిని చూపించింది. అతను మర్యాదగా చెయ్యి చాచాడు. ఆమె తల వంచి తాళంచెవిని అతని అరచేతిలో జారవిడిచింది.

"ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి ఇలాగే వచ్చారా?"

"బస్సులో కూడా. కండక్టరు ఎక్కడికని అడిగితే వేలితో చూపించాను. పాపం, మూగదాన్ననుకుని కూర్చోబెట్టాడు."

డేగ నవ్వాడు. కాఫీ చొక్కా మీద ఒలికింది. ఆమె నవ్వింది. వాన గట్టిగా కురిసింది, లేదా అతనికి అలా వినిపించింది.

ఆ తర్వాత ఇద్దరికీ కాఫీ దాహం బాగా పెరిగింది. నియమం నియమమే కాబట్టి బొమ్మల ఊసెత్తేవాళ్లు కాదు. ఇంటి కబుర్లే. ఆమె ఫోను కూరగాయల సంచిలో దొరకడం, మాట్లాడుతూ మాట్లాడుతూ పంచదార డబ్బా తీసుకెళ్లి చెప్పుల స్టాండులో పెట్టడం, గొడుగు మర్చిపోయానని వెనక్కి పరిగెత్తాక అది భుజానికే వేలాడుతుండటం.

"మీ ఇంట్లో మీతో ఎలా వేగుతున్నారండీ?" అనేవాడు.

"వేగట్లేదు. మా అమ్మా నాన్నా కూడా ఇంతే. ముగ్గురం కలిసి వెతుక్కుంటాం. సరదాగా ఉంటుంది."

బొమ్మల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదని ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు. ఇంతకంటే అమాయకులు కావాలంటే ప్రత్యేకంగా చేయించుకోవాలి.

* * *

"ఏవండీ డేగగారూ!"

పై అంతస్తుకి ఆర్టిస్టులెవరూ రారు. ఆమె వచ్చింది. టెస్టర్లందరూ కన్సోళ్ల వెనక్కి తగ్గి, చెవులు మాత్రం బయటపెట్టారు.

"నేను మీకేం అన్యాయం చేశానండీ?"

"నేనేం చేశాను?"

"నా వంటగది సీను కాఫీ చల్లారేలోపు తేల్చేశారట. అంతకు ముందు స్కూలు సీను అయితే కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే అయిపోయిందట. మా పక్క సీటాయన గరాజు సీనుకి మాత్రం పూటంతా పట్టిందట!"

"ఆయనది కష్టంగా ఉంది మరి."

"ఆయన చీకటి మూలలో నల్ల రెంచీ పడేశాడు. దాన్ని కష్టమనరండీ, కరెంటు పోవడం అంటారు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"దువ్వెన కోసం నానా తిప్పలూ పడ్డ మనిషికి ఇప్పుడు అన్నీ ఇట్టే దొరుకుతున్నాయంటే ఏమనుకోవాలి? మేనేజరు గారు ఏమన్నారో తెలుసా? నా చెయ్యి తేలికైపోయిందట. ఈ గేముతో నా కాంట్రాక్టు అయిపోతుంది. చివరి సీను నాదే. అది కష్టం అనిపించుకుంటే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఈ పెన్నులూ నేనూ ఇంటికి."

"నేను కావాలని..."

"కావాలనో, డేగ అనిపించుకోవాలనో! మీ గొప్ప మీకుంటుంది. నా కూడు పోతుంది."

ఆమె వెళ్లిపోయింది. అతను కూర్చున్నాడు. లేచాడు. కిటికీ తెరిచాడు. మూశాడు. పక్క టెస్టరు, "బాబూ, నువ్వు కూర్చుంటే నేను వెతుక్కుంటాను," అన్నాడు.

చివరి సీను మర్నాడు అతని కన్సోల్లోకి వచ్చింది. ఊరికి బయల్దేరుతున్న ఒక పెద్ద కుటుంబం, పెట్టెలతో నిండిపోయిన ముందు గది. సగం కట్టిన పరుపు చుట్టలు, తెరిచిన బీరువా, నిలువుటద్దం, ఒకరి చెప్పుల్లో ఒకరు కాళ్లు పెడుతున్న జనం. వెతకాల్సిన వాటిలో చివరిది తాళంచెవి.

డేగ గబుక్కున వేలు వెనక్కి తీసుకున్నాడు. ఎందుకంటే అది అతనికి అప్పటికే కనిపించింది. నిలువుటద్దంలో, రెండు చేతుల్లో రెండు పెట్టెలు పట్టుకుని హడావిడిగా వెనక్కి తిరిగిన ఆవిడ నోట్లో, పళ్ల మధ్య.

నొక్కితే ఆమె ఉద్యోగం పోతుంది. అందుకని నొక్కలేదు. బీరువాలో వెతికాడు. పరుపు కింద వెతికాడు. పాపం, పిల్లాడి నిక్కరు జేబు కూడా వదల్లేదు. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తెలిసి తెలిసి గదంతా తిరిగాడు. ఆకలి వేసేదాకా తిరిగి, అప్పుడు నొక్కి, "చాలా కష్టం" అని రాశాడు.

పాపం, నటనలో మన డేగ కోడిపిల్ల. కన్సోల్లో కర్సరు ఎటు కదిలిందో మొత్తం రికార్డవుతుందని అతనికి తెలుసు. తెలిసిన సంగతి ఆ పూట గుర్తు రాలేదు.

మేనేజరు ఇద్దరినీ తన గదికి పిలిచి ఆ రికార్డింగు వేశాడు. తెర మీద కర్సరు బాణంలా అద్దం దగ్గరికి వెళ్లింది, ఆవిడ మూతి దగ్గర ఆగింది, నిప్పు తొక్కినట్టు వెనక్కి దూకింది. తర్వాత గదంతా షికారు.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు డేగ.

"చూడగానే దొరికింది," అన్నాడు మేనేజరు. కోపంగా కాదు, ఇంకా ఘోరంగా, జాలిగా. "అయినా ఈ అబ్బాయి నీ ఉద్యోగం పోతుందని ఆగాడమ్మా. మంచివాడే. కానీ మంచితనంతో గేములు అమ్ముడుపోవు. రేపు ఈ సీను మీ పక్క సీటాయనకి ఇచ్చేస్తాను."

ఆమె గదిలోంచి బయటికొచ్చేదాకా ఆగింది. అప్పుడు అతని వైపు తిరిగింది.

"జాలా?"

"కాదండీ..."

"బాగా కష్టపడి ఓడిపోయుంటే ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఆ ఏడుపు కూడా లేకుండా చేశారు. మీరు దయతలచి గెలిపిస్తే గెలిచేంత చేతకానిదాన్నా నేను?"

ఆమె గిరుక్కున తిరిగి తన బల్ల వైపు వెళ్లిపోయింది. మెట్ల మలుపులో కాఫీ మిషను ఎవరూ అడగకుండానే గుర్రుమంది.

* * *

సాయంత్రం ఇంట్లో డేగ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీకి. అక్క బట్టలు మడతపెడుతూ చూసింది. బావ పేపరు చదువుతున్నట్టు నటిస్తూ చూశాడు.

"ఒరేయ్, నేల అరిగిపోతే ఇంటాయన మమ్మల్ని అంటాడు. కూర్చో," అంది అక్క.

కూర్చున్నాడు. లేచి మొత్తం చెప్పాడు. నడుస్తూనే చెప్పాడు.

"నాకు అర్థం కానిదేంటంటే అక్కా, మిగతా అందరి సీన్లకీ మునుపటిలాగే సమయం పడుతోంది. తనవి మాత్రం చూడగానే కనిపిస్తున్నాయి. తను బాగా వేయకా కాదు. అందరికంటే బాగా వేస్తుంది."

అక్క మడత ఆపింది. "ఈ ఇంట్లో ఎన్నేళ్లుగా ఉంటున్నావురా?"

"ఏం?"

"నా ఫోను ఇప్పుడు ఎక్కడుందో చెప్పు."

డేగ చుట్టూ చూశాడు. "నాకెలా తెలుస్తుంది?"

"ఆ అమ్మాయి ఫోను ఎక్కడుంటుంది?"

"కూరగాయల సంచిలో. లేదంటే ఫ్రిజ్ మీద. ఎవరితోనైనా పోట్లాడి వస్తే చెప్పుల దగ్గర, విప్పేటప్పుడు కింద పెట్టేసి అలాగే..."

మాట మధ్యలో ఆగిపోయాడు. బావ పేపరు దించాడు.

"మరదీ," అంది అక్క. "నువ్వు బొమ్మలో వెతకట్లేదురా నాయనా. ఆ పిల్ల మనసులో దూరి, తనైతే ఎక్కడ పెట్టి మర్చిపోయేదో చూస్తున్నావు. అలా వెతికితే తను నీకు ఏది దాచగలదు?"

"అంటే ఆ సీను ఈజీ కాదు!"

"సీను సంగతి నాకు తెలీదు. నీ పరిస్థితి మాత్రం చాలా ఈజీగా కనిపిస్తోంది."

"మావాడికి జ్వరమేమోనని నిన్నే అన్నాను కదా," అన్నాడు బావ, పేపరు మళ్లీ ఎత్తుకుంటూ.

* * *

మర్నాడు డేగ కింది అంతస్తుకి వెళ్లేసరికి దాపరికం తన పెన్నులు సర్దుకుంటోంది. అతను పలకరించలేదు. నేరుగా పక్కనే ఉన్న మేనేజరు గదిలోకి వెళ్లి, తలుపు తెరిచి ఉంచే మాట్లాడాడు. ఆమెకి వినిపించాలనో, తలుపు మూయడం మర్చిపోయాడో మనకనవసరం.

"సార్, తన సీన్లకి నేనిచ్చిన రిపోర్టులేవీ చెల్లవు."

"ఎందుకు?"

"నాకు తను తెలుసు కాబట్టి. కాఫీ దగ్గర మాట్లాడుకున్నాం. బొమ్మల గురించి కాదు, ఒట్టు! కానీ తన మతిమరుపే తన పద్ధతి సార్. దాని గురించి రోజూ విన్నాను. నాకు తెలిసిపోయింది. బయటివాళ్లకి ఇవ్వండి. ఎవరికైనా ఇవ్వండి. నన్ను టెస్టింగులోంచి తీసేసినా ఫరవాలేదు."

బయట పెన్నులు సర్దుతున్న చప్పుడు ఆగింది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "బయటివాళ్లంటే ఇప్పటికిప్పుడు ఎవరున్నారయ్యా?"

"ఏవండీ, కళ్లజోడు మర్చిపోయి వచ్చారు," అంటూ మేనేజరు గారి భార్య లోపలికొచ్చింది.

మేనేజరు ఆమెను చూశాడు. కన్సోలు చూశాడు. మొహం వెలిగింది.

"ఇంట్లో నాది ఏది పోయినా కూర్చున్నచోటి నుంచే చెబుతుందయ్యా, బీరువాలో రెండో అరలో ఎడమ పక్కన అని. ఈవిడకి కష్టమైతే లోకానికంతా కష్టమే. ఇదిగో, ఇలా కూర్చో. ఇందులో తాళంచెవి వెతుకు."

"ఇక్కడ కూడానా?" అంది ఆవిడ. అయినా కూర్చుంది.

దాపరికం గుమ్మం దాకా వచ్చి ఆగింది. డేగ బల్ల పక్కన నిలబడ్డాడు. నిలబడటమంటే ఒక కాలి మీద కాసేపు, ఇంకో కాలి మీద కాసేపు.

ఆవిడ బీరువాలో వెతికింది. పరుపు చుట్టల్లో వెతికింది. తలుపు గొళ్లెం చూసింది, దేనికైనా మంచిదని గడప కింద చూసింది. తర్వాత కన్సోలు దించి డేగని చూసింది.

"ఈ అబ్బాయి కళ్లు మాటిమాటికీ అద్దం మీదికి పోతున్నాయేంటి?"

"తిరుగు!" అన్నాడు మేనేజరు. "గోడవైపు తిరిగి నిలబడు!"

డేగ గోడవైపు తిరిగాడు. ఎక్కాలు రాని పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. గోడ మీద సున్నం పెచ్చు ఒకటి లేచి ఉంది. ఆ పెచ్చుని అంత శ్రద్ధగా చూసినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు.

వెనక నిట్టూర్పులు మొదలయ్యాయి. "అద్దంలో ఏముంది? ఈ జనమేగా... ఈవిడ చేతుల్లో పెట్టెలు... అబ్బే." బల్ల మీద వేళ్ల తాళం. కుర్చీ కిర్రుమంది. మేనేజరు దగ్గాడు. "మీరు దగ్గకండి, ఉన్నది కాస్తా పోతోంది!" మేనేజరు కాఫీ తెప్పించాడు. అది వచ్చింది, తాగారు, కప్పులు ఖాళీ అయ్యాయి. తాళంచెవి మాత్రం దొరకలేదు.

గుమ్మం దగ్గర ఉన్నామె ఊపిరి పీల్చడం డేగకి వినిపిస్తోంది. తిరిగి చూడాలని మెడ లాగుతోంది.

"ఎవరమ్మా దీన్ని వేసింది?" ఆవిడకి ఓపిక అయిపోయింది. "ఈ పిల్లని చేసుకున్నవాడికి జన్మలో సాక్సులు దొరకవు!"

"దొరుకుతాయండీ."

గోడ మాట్లాడినట్టు వినిపించింది. ముగ్గురూ అటు తిరిగారు. డేగ వీపు తప్ప ఏమీ కనిపించలేదు.

"తను ఏ పని మధ్యలో ఎక్కడికి పరిగెత్తిందో ఆలోచించుకుంటే దొరుకుతాయి," అన్నాడు గోడతోనే. "దొరక్కపోయినా ఫరవాలేదు. వెతుక్కోవడం... సరదాగానే ఉంటుంది."

చెవులు ఎర్రగా ఉన్నాయి. వెనక నుంచి కూడా తెలుస్తోంది.

మేనేజరు నోరు తెరిచాడు. ఆయన భార్య మోచేత్తో పొడిచి మూయించింది. ఆవిడ ఆ వీపుని చూసింది, గుమ్మంలో నిలబడి నేల చూపులు చూస్తున్న అమ్మాయిని చూసింది, ఒక్క క్షణం ఆలోచించి మళ్లీ కన్సోలు చేతిలోకి తీసుకుంది.

"ఏ పని మధ్యలో ఎక్కడికి పరిగెత్తిందో... రెండు చేతులూ ఖాళీ లేవు. తలుపు తాళం వెయ్యాలి. అప్పుడు నేనైతే..." ఆవిడ చేయి తెలియకుండానే పెదాల దగ్గరికి వెళ్లింది. "అయ్యో! అమ్మ దొంగా! నోట్లో పెట్టుకుందండీ! నేనూ రోజూ చేసేది ఇదేగా!"

ఆవిడ పకపకా నవ్వింది. ఓడించి గెలిపించిన బొమ్మని చూసి నవ్వే నవ్వు అది. ఆ నవ్వు కోసమే మేనేజరు ఆ స్టూడియో పెట్టాడు. ఈ మధ్య మర్చిపోయాడంతే.

"ఆ మాట చెప్పి అందించాడు కాబట్టి దొరికింది, లేకపోతే సాయంత్రం దాకా కూర్చునేదాన్ని," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "చెప్పినా చెప్పకపోయినా నాకు నచ్చింది. ఈ పిల్లని పంపించారో, రేపటి నుంచి మీ కళ్లజోడు మీరే వెతుక్కోవాలి."

మేనేజరు తెర వైపు చాలాసేపు చూశాడు. "కష్టం. అన్యాయం మాత్రం లేదు," అన్నాడు చివరికి. "ఆ పెన్నులు మళ్లీ బల్ల మీద పెట్టుకో అమ్మా. నువ్వు మాత్రం బాబూ, ఇక ఎప్పుడూ ఈ అమ్మాయి సీను ముట్టుకోవడానికి వీల్లేదు."

"అలాగే సార్," అన్నాడు డేగ. "తిరగొచ్చా సార్?"

* * *

మెట్ల మలుపులో ఆమె ముందే ఉంది. బయట వాన పట్టుకుంది. రెండు కప్పులు నింపి ఉన్నాయి. ఒకటి అతని వైపు జరిపింది.

"అందరి ముందూ గోడతో చెప్పారు," అంది. "మనిషితో చెప్పడానికి ధైర్యం చాలదా?"

"గోడైతే తిరిగి చూడదు కదండీ."

"నేను చూస్తున్నాను. చెప్పండి."

అతను కప్పు ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు.

"మీరు నిన్న జాలి అన్నారు. జాలి కాదండీ. మీ వస్తువులు ఎక్కడుంటాయో నాకు తెలుసు. మీకు కోపమొస్తే ఎంతసేపుంటుందో తెలుసు, నిన్నటిది మాత్రం లెక్క తప్పింది. మీ మనసులో నేనెక్కడున్నానో, అసలున్నానో లేదో, అది దొరకట్లేదు. కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే నడవాలనిపిస్తోంది. మా అక్క ఇంట్లో నేల అరిగిపోయింది."

ఆమె కాఫీ ఊదుకుంది. చాలాసేపు ఊదుకుంది. అది అప్పటికే చల్లారిపోయిందని ఇద్దరికీ తెలుసు.

"హింట్ కావాలా?"

"ఇవ్వండి."

"ఆదివారం మా అమ్మా నాన్నా ఇంట్లోనే ఉంటారు."

"ఎక్కడికీ వెళ్లట్లేదా?"

"లేదు."

"మంచిదేనండీ, వానల్లో బయటికెళ్లినా..."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఇంకా ఏమీ వెలగలేదు. నుదురు కొట్టుకుని, కప్పు మిషను మీద పెట్టేసి మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆమె కింది మెట్టు మీద కాలు పెట్టాక గానీ పైన అతని చేతిలోని కప్పు కింద పడ్డ చప్పుడు రాలేదు.

"ఏవండీ! ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు?"

ఆమె తలెత్తి చూసింది. నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు.

"ఎప్పుడైనా రండి. కానీ తప్పిపోకుండా రండి. మీరు తప్పిపోతే నేను వెతకలేను. నాకు దాచడం ఒక్కటే వచ్చు."

డేగ పనంతా పై అంతస్తులోనే ఉంది. అతను రెండేసి మెట్లు దూకుతూ కిందికి దిగాడు.